చేట, చింతపిక్కలు, గూడ్సు బండి

నా మనవరాలికి నాలుగేళ్ళు నిండాయి. మొన్న చలికాలంలో ఒక సాయంత్రం మా బిలాస్‌పూర్ బుధవారీ బజారు నుంచి రెండు కిలోల పచ్చి బఠాణీ తెచ్చి దాని ముందు పోశాను. ఒక కాయ చేతికిచ్చి, "ఒలిచి పెట్టు తల్లీ" అన్నాను. కాయని అటూ ఇటూ తిప్పింది, నా మొహం చూసింది. ఒలవడం అంటే ఏమిటో దానికి తెలియదు. మాటా తెలియదు, పనీ తెలియదు. అదే పిల్లకి ఫోన్లో బఠాణీ బొమ్మ చూపిస్తే ఇంగ్లీషు పేరు, ఆ పేరులోని అక్షరాలు గడగడా చెప్పేస్తుంది. ఆ సాయంత్రం పట్టుకున్న దిగులు నన్నింకా వదల్లేదు.

మాది రైల్వే కుటుంబం. 1931లో రాయపూర్-విజయనగరం లైను పూర్తయ్యాక మన ఉత్తరాంధ్ర జనానికి బిలాస్‌పూర్ దారి దగ్గరైంది. విజయనగరం పక్క పల్లె నుంచి మా నాన్న ఆ దారినే వచ్చి లోకో షెడ్డులో చేరాడు. 1944లో ఆ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్నార్) కంపెనీ సర్కారుదైంది, 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే అయింది, 2003లో ఈ ఊరే కొత్త జోనుకి ముఖ్య కేంద్రమైంది. నాన్న మటుకు పోయేదాకా "బీఎన్నార్" అనే అన్నాడు. నేను 1951లో ఇక్కడి క్వార్టర్లోనే పుట్టాను. రెండు గదులు, ముందు వరండా, వెనక పెరడు, పెరట్లో బొగ్గుల కుంపటి. నా మొదటి బడి అదే.

మా రోజుల్లో బొమ్మలు కొనేవాళ్ళు కాదు అంటే ఇప్పటి పిల్లలు జాలిపడతారు. ఆ జాలి మాకక్కర్లేదు. అమ్మ వంటింట్లో ఉంటే మేము ఆమె చుట్టూ ఉండేవాళ్ళం. ఏదో ఒకటి చేతిలో పెట్టేది. చేటలో గుప్పెడు కందిపప్పు పోసి రాళ్ళు ఏరమనేది. ఏరింది సరిగా ఉందో లేదో మళ్ళీ తనే చూసుకునేదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. నాకు అప్పుడు నాలుగేళ్ళు. ఇంటిల్లిపాదీ తినే పప్పులో రాయి తగలకుండా చూసేది నేనేనని నమ్మాను. ఆ నమ్మకం ఏ బజార్లో దొరుకుతుంది?

ఇత్తడి సోల, గిద్దె, తవ్వ మా ఇంట్లో ఉండేవి. గిద్దెతో బియ్యం కొలిచి సోలలో పోయడం నా పని. నాలుగు గిద్దెలకు సోల నిండుతుంది, రెండు సోలలకు తవ్వ నిండుతుంది, రెండు తవ్వలు మానిక. ఎవరూ ఎక్కం చెప్పలేదు. నిండిన చోట గింజలు అంచు దాటి జారేవి, అదే లెక్క. బడికి వెళ్ళాక మాస్టారు రెండు నాలుగులు ఎనిమిది అంటే నాకు కళ్ళ ముందు బియ్యం కనపడింది. ఇవాళ్టి పిల్లకి అంకెలు వందదాకా వచ్చు. పళ్ళెంలోని ఇడ్లీలు ఎన్నని అడిగితే మళ్ళీ ఒకటి నుంచి పాట మొదలుపెడుతుంది, వేలు ఇడ్లీ మీద ఉండదు.

చేతివేళ్ళు చేసే పనులకు తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా కూర్చుని చూశారా? తోటకూర తుంచుతాం, కొత్తిమీర గిల్లుతాం, బఠాణీ ఒలుస్తాం, చింతపండు పిసుకుతాం, ఉడికిన దుంప చిదుపుతాం, పప్పు మెదుపుతాం, మజ్జిగ చిలుకుతాం, బియ్యం చెరుగుతాం, పిండి జల్లిస్తాం, తడిబట్ట పిండుతాం, దుప్పటి దులుపుతాం. ఏ రెండూ ఒకటి కావు. వేళ్ళు పట్టే తీరు వేరు, పెట్టే బలం వేరు, వచ్చే చప్పుడు వేరు. ఫోను అద్దం మీద వేలు చేసేది ఒకే పని, అటు నుంచి ఇటు జరపడం. పగలల్లా అదే చేసిన వేలికి మిగతా మాటలు ఎలా వస్తాయి?

ఈ మాటల సంగతి మాలాంటి వాళ్ళకి ఇంకా పెద్దది. విజయనగరంలో ఉన్న పిల్లకి ఇంట్లో రాని మాట వీధిలో వస్తుంది. బిలాస్‌పూర్‌లో వీధి హిందీది, ఛత్తీస్‌గఢీది. బడి ఇంగ్లీషుది. తెలుగుకి మిగిలింది ఇల్లొక్కటే, అందులోనూ వంటిల్లు, పెరడు. మా తరం ఇక్కడే పుట్టి, హిందీలో చదువుకుని కూడా తెలుగు నిలబెట్టుకుందంటే పుస్తకాల వల్ల కాదు. చేట పట్టుకున్నాం కాబట్టి చేట అన్నాం. జల్లెడ, కవ్వం, పొత్రం, కుంకుడుకాయ, అన్నీ చేతికి తగిలి నోటికొచ్చిన మాటలే. వస్తువు చెయ్యి దాటిపోయిన ఇంట్లో ముందు మాట పోతుంది, ఆ వెనకే భాష పోతుంది. నా కొడుకు తరంలో సగం పోయింది. మనవరాలి తరంలో మిగిలిన సగం పోవడం కళ్ళతో చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు.

అక్షరాలు నేర్చింది ఇసుకలో. మా వరుస క్వార్టర్లలో ఒక పెద్దాయన సాయంత్రాలు తెలుగు పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టి, ఇసుక పరిచి, మా చూపుడువేలు తన చేతిలో పట్టుకుని ఓనమాలు దిద్దించేవాడు. వేలు అరిగేదాకా దిద్దేవాళ్ళం. బండి 'ఱ' ఎక్కడ తిరుగుతుందో ఇప్పటికీ నా వేలికి గుర్తుంది. ఇలాగే మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లోని ఒక పేదల పేటలో పిల్లల ఇల్లు తెరిచి, గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి, పిల్లల చేత వేలితో తడిమించింది. గిన్నెలోంచి గిన్నెలోకి నీళ్ళు వొంపడం, ఊడవడం, బొత్తాలు పెట్టుకోవడం, ఇవన్నీ ఆమె చదువులో పాఠాలే. 1939లో ఆమె మన మద్రాసుకే వచ్చింది, అడయారులో టీచర్లకు నేర్పింది. ఆమె సంగతి నేను రిటైరయ్యాక చదివి చాలాసేపు మా వరండానే తలుచుకున్నాను. ఇప్పుడు ఆమె పేరు బోర్డు మీద పెట్టుకున్న బళ్ళు సందుకొకటి ఉన్నాయి. అందులో కొన్నిటిలో మూడున్నరేళ్ళ పిల్లకి పెన్సిలిచ్చి చుక్కలు కలపమంటున్నారు. వేళ్ళకి ఇంకా పట్టు రాలేదు, పెన్సిలెలా ఆగుతుంది? ముందు పిండి పిసకాలి, బఠాణీ ఒలవాలి, తర్వాత గదా పెన్సిలు.

మా కాలనీలో ఆటలకి రెండు పంచాంగాలు. ఇంట్లో పోలాల అమావాస్యకి అమ్మ కందమొక్క పెట్టి పూజ చేసి గారెలు, బూరెలు వండేది. సరిగ్గా ఆ రోజే ఇక్కడి వాళ్ళకి ఎడ్ల పండగ, పోలా. బజారంతా మట్టి ఎడ్లు. కాళ్ళకి మట్టి చక్రాలు బిగించి, తాడు కట్టి వీధుల్లో లాక్కెళ్ళేవాళ్ళం. ఆడపిల్లలకి మట్టి తిరగలి, మట్టి పొయ్యి, చిన్న చిన్న మట్టి గిన్నెలు. వాటిని జాతా-పోరా అంటారు. మన లక్కపిడతలకి స్వయానా చెల్లెళ్ళు. పక్కింటి ఛత్తీస్‌గఢీ పెద్దమ్మ ఠేఠరీ, ఖుర్మీ అనే పిండివంటలు పంపేది, అమ్మ గారెలు పంపేది. వైశాఖంలో అక్తీ (అక్షయ తృతీయ) వస్తే మట్టి బొమ్మలకి పెళ్ళి. మా అప్ప (అక్క) బొమ్మ పెళ్ళికూతురు, ఆ పెద్దమ్మ మనవడి బొమ్మ పెళ్ళికొడుకు. పందిరి మేము వేశాం, మామిడాకులు మేము కట్టాం, పెద్దవాళ్ళు నిజంగా వచ్చి అక్షింతలు వేశారు. హరేలీ పండక్కి వెదురు గెడీలు, అంటే కర్రకాళ్ళు. నాలుగేళ్ళవాడికి గెడీ ఎక్కడం రాదు, కానీ అన్న కోసం వెదురు పట్టుకుని నిలబడ్డం వస్తుంది, తాడు ముడి చూడ్డం వస్తుంది. 2022లో సర్కారు ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్ పెట్టి గెడీ పరుగు, బొంగరం, గోలీలు, ఫుగడీ అన్నిటికీ పోటీలు జరిపింది. సంతోషించాను. పోటీలు పెడితే తప్ప కనపడనంతగా అవి వీధుల్లోంచి పోయాయనీ అర్థమైంది.

రైలు ఊరి పిల్లలకి రైలే పెద్ద బొమ్మ. వాడేసిన అట్ట టికెట్లు మాకు పేకముక్కలు. ప్రతిదాని మీదా అంకెలుండేవి, ఒకే అంకె ఉన్నవన్నీ ఒక కుప్ప వేసేవాళ్ళం. రంగులు నేర్చింది సిగ్నల్ దగ్గర. చింతపిక్కల్ని ఒకపక్క అరగదీసి పాచికలుగా వేసేవాళ్ళం, వామనగుంటల్లో పంచేవాళ్ళం. రైల్వేవాళ్ళు ఎక్కడ ఇసుక పోసినా పాదం మీద తడి ఇసుక కప్పి పిచ్చుకగూళ్ళు కట్టేవాళ్ళం. కాలు మెల్లగా లాగాలి, ఊపిరి బిగబట్టాలి. కూలితే మళ్ళీ కట్టాలి. పది కూలితే ఒకటి నిలబడేది.

ఇప్పుడు పిల్లలు ఇల్లు ఎలా కడుతున్నారో చెప్తాను. మొన్న మా మనవరాలి బడి నుంచి చీటీ వచ్చింది. ఐస్‌క్రీం పుల్లలు, థర్మకోలు, మెరుపు కాగితంతో ఇల్లు చేసి తేవాలిట. రాత్రి పదకొండింటిదాకా మా అబ్బాయీ కోడలూ కత్తెర, జిగురు పట్టుకుని కూర్చున్నారు. పిల్ల ఎనిమిదింటికే నిద్రపోయింది. పొద్దున్న ఆ ఇంటిని దాని చేతికి ఇవ్వడానిక్కూడా భయపడ్డారు, విరిగిపోతుందని. తండ్రే స్కూటరు మీద జాగ్రత్తగా తీసుకెళ్ళి అప్పగించాడు. సాయంత్రం పిల్ల చేతి మీద నక్షత్రం స్టిక్కరుతో వచ్చింది. నాకు కోపం ఆగలేదు. ఆ ఇంట్లో దాని వేలిముద్ర ఒక్కటీ లేదు. తను చెయ్యనిదానికి మెప్పు పొందడం నాలుగేళ్ళకే నేర్పుతున్నాం.

మా రోజుల్లో అంతా బంగారమని చెప్పను. మా తమ్ముడి ముంజేతి మీద కుంపటి కాలిన మచ్చ వాడు పెద్దయ్యాకా పోలేదు. అప్ప ఎనిమిదో ఏటి నుంచి చంకలో చంటిపిల్లతోనే ఆడింది, సగం ఆటలు చూస్తూ నిలబడింది. నాకు ఏడేళ్ళు రాగానే మగపిల్లాడివి నీకిక్కడేం పని అని వంటింట్లోంచి పంపేశారు. అవి తప్పులు. కుంపటి పోయింది, మంచిదే. కానీ కుంపటితో పాటు చేటనీ ఎందుకు పారేశాం?

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లల్ని తెర ముందు రోజుకి గంటకి మించి కూర్చోబెట్టొద్దంది, తక్కువైతే ఇంకా మంచిదంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఆటే చదువని, వీలైనంత వరకు ఇంటి భాషలోనే నేర్పాలని చెప్పింది. 2023 ఫిబ్రవరిలో కేంద్రం జాదుయీ పిటారా అని ఒక పెట్టె విడుదల చేసింది. బొమ్మలు, పజిళ్ళు అందులో ఉన్నాయి. మంచి పని, అంగన్‌వాడీలన్నిటికీ అలాంటివి అందాలని కోరుకుంటాను. మా ఇంట్లో మటుకు ఆ పెట్టె ఎప్పటి నుంచో అటక మీద ఉంది.

కోడల్ని నేను తప్పుపట్టను. పొద్దున్న వెళ్ళి దీపాలు పెట్టే వేళకి ఆఫీసు నుంచి వస్తుంది. ఇంట్లో పగలంతా ఉన్నది నేను. పిల్ల గోల చెయ్యకుండా ఉంటుందని మొదట ఫోను చేతికిచ్చింది కూడా నేనే. అందుకే బఠాణీల సాయంత్రం మర్నాడు అటక ఎక్కి అమ్మ చేట, గిద్దె, సోల దించాను. చేటకి పేడ అలికినప్పటి వాసన పోయింది, అంచు ఊడింది, సూదీ దారంతో కుట్టాను. మొదటి వారం పిల్ల బియ్యం ఇంటినిండా చల్లింది. "మామయ్యా, కాళ్ళకింద గింజలు" అంది కోడలు. తనని ఊడవమని చెప్పలేదు, నేనూ పిల్లా ఊడ్చాం. ఊడవడం దానికి అన్నిటికంటే నచ్చింది. చపాతీ పిండి పిసికి ఒక ఆకారం లేని చపాతీ చేసింది, మా అబ్బాయి దాన్నే ముందు తిన్నాడు. బఠాణీ ఇప్పుడు బొటనవేలితో అతుకు మీద నొక్కి టప్‌మని చీలుస్తుంది. నిన్న ఫోను ఎదురుగా పడున్నా పట్టించుకోకుండా "తాతా, చేట ఏదీ?" అని వంటింట్లోంచి కేకేసింది. చేట! ఆ మాట దాని నోట వినడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

సాయంత్రాలు దాన్ని ఫాటక్ (రైల్వే గేటు) దగ్గరికి తీసుకెళ్తాను. కోర్బా వైపు నుంచి బొగ్గు బళ్ళు వస్తూనే ఉంటాయి. మా జోను 2022 ఆగస్టు 15న సూపర్ వాసుకి అని 295 వ్యాగన్లతో మూడున్నర కిలోమీటర్ల బండి నడిపిందని చెప్తే, అది రేపొస్తుందా అని రోజూ అడుగుతుంది. మామూలు బండికి యాభై పైచిలుకు ఉంటాయి. వ్యాగనుకి ఒక చింతపిక్క చొప్పున గుప్పిట్లోంచి సంచిలో వెయ్యాలి, అదీ ఆట. నిన్న ఇరవైతొమ్మిది దాకా బాగానే వచ్చింది. ఆ తర్వాతి వ్యాగనుకి ఒక్క క్షణం ఆగి, "ఇరవైపది" అంది. తర్వాత "ఇరవైపదకొండు". నేను దిద్దలేదు. సంచిలో పిక్కలు సరిగ్గానే పడుతున్నాయి. చివరి డబ్బా దాటిపోయింది, గేటు లేచింది, మోటారు సైకిళ్ళు కదిలాయి. అది నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"ఇంకో బండి వచ్చేదాకా ఉందాం తాతా. పిక్కలు ఇంకా ఉన్నాయి."