క్లచ్ ప్లేటు ఆత్మకథ

మీ బండిలో నన్ను మీరెవరూ చూసి ఉండరు. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ నడుమ, ఫ్లైవీలుకూ ప్రెజర్ ప్లేటుకూ మధ్య ఇరుక్కుని ఉంటాను. రెండు వైపులా లైనింగు, దాన్ని పట్టి ఉంచే రివిట్లు, నడిమిట్ల స్ప్రింగులు: అదీ నా ఒళ్లు. నల్లగొండలో ఓ కిరాయి కారులో నా బతుకంతా గడిచింది.

బండి ఎక్కువ తిరిగితే నేను అరుగుతానని చాలామంది లెక్క. చౌటుప్పల్ దాటి విజయవాడ హైవే మీద టాప్ గేర్‌లో పోతుంటే ఫ్లైవీలూ నేనూ ఒకే వేగంతో తిరుగుతాం. రాపిడే లేనప్పుడు అరుగుదల ఎక్కడిది? పెడల్ సగం తొక్కి సగం వదిలినప్పుడే నాకు గండం. ఫ్లైవీలు ఉరుకుతుంటుంది, నేను అందుకోలేక జారుతుంటాను. ఆ జారుడంతా వేడవుతుంది.

మొదట నన్ను నడిపినాయన పాలమూరు మనిషి, లారీల మీద చెయ్యి తిరిగినవాడు. గేరు మారగానే ఎడమ కాలు తీసి పక్కన పెట్టేవాడు. శ్రీశైలం కిరాయికి పోతే మన్ననూరు చెక్‌పోస్టు గేటు తీసేదాకా ఇంజిన్ ఆపేసి కూర్చునేవాడు. దోమలపెంట దాటి డ్యాం వైపు దిగేటప్పుడు చిన్న గేరే. క్లచ్ తొక్కి జారిస్తే ఇంజిన్ పట్టు పోయి బ్రేకులు కాలిపోతాయని ఆయనకు తెలుసు. డ్యాం దాటాక ఎక్కుడులో ముందు బస్సు ఆగితే హ్యాండ్‌బ్రేక్ లాగేవాడే గానీ, బండి బరువు నా మీద ఆపేవాడు కాదు.

తర్వాత వచ్చిన పిల్లగాడు మంచోడే, కాలే మంచిది కాదు. చెప్పు ఎప్పుడూ పెడల్ మీదే. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయినా, సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దగ్గర బారు తప్పదు. ఆ బారులో జానెడు జానెడు జరుపుతాడు, అదీ రెండో గేర్‌లో, హాఫ్ క్లచ్ మీద!

"ఏందిరా ఈ కమురు వాసన?" అంది వెనక సీట్లో ముసలమ్మ.

"ముంగట లారీదమ్మా."

లారీది కాదు, నాదే.

ఆఖరికి చిన్న ఎత్తు వచ్చినా ఇంజిన్ అరుస్తోంది, బండి ముందుకు పోదు. మెకానిక్ గేర్‌బాక్సు దించి నన్ను వెలుతురులోకి తీశాడు. లైనింగు పోయి రివిట్లు తేలాయి. "ప్లేటొక్కటే కాదన్నా, ఫ్లైవీలు గూడా గీరుకుపోయింది. సెట్టు మార్చాలె" అన్నాడు. నాతోపాటు దానికీ చేటొచ్చింది.

మీ బండిలో నా తోటివాడు ఎట్లున్నాడో తెలుసుకోవాలా? ఖాళీ జాగాలో హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, నాలుగో గేరు వేసి, క్లచ్ వదలండి. ఇంజిన్ ఆగిపోతే వాడు గట్టిగా ఉన్నట్టు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే వెంటనే క్లచ్ తొక్కి, షెడ్డుకు పొండి. పరీక్ష మాత్రం మళ్లీ మళ్లీ చేయకండి, దాంతోనూ అరుగుతాం.