వంతెన కూలితే ఒక పరికరం

అమెరికా నదుల మీద బార్జీలు తోసే పడవలో ఏమేం ఉండాలో ఆ దేశపు కోస్ట్ గార్డ్ నిబంధనలు వివరంగా చెబుతాయి. రాడార్ ఒకటి, సెర్చ్‌లైటు ఒకటి, వీహెచ్‌ఎఫ్ రేడియో, దిక్సూచి, నీటి లోతు కొలిచే యంత్రం, ఆ నది పటాలు. తీరం దాటి సముద్రంలోకి పోయేవాళ్లయితే తామెక్కడున్నారో చెప్పే యంత్రం కూడా. చదివినవాళ్లకు ఇందులో ఏముంది, ఇవి లేకుండా పడవ ఎవరు నడుపుతారు అనిపిస్తుంది. నడిపారు. దశాబ్దాల పాటు నడిపారు, చట్టం కూడా వాళ్ల పక్షానే ఉంది. ఈ చిట్టా వెలువడింది 1996 జులైలో. మనిషి చంద్రుడి మీద అడుగుపెట్టి వచ్చిన 27 ఏళ్లకు, బార్జీలు తోసే పడవలో దిక్సూచి ఉంటే మంచిదని వాషింగ్టన్‌కు తోచింది.

తోపుడు పడవే కదా అని తీసిపారేయడానికి లేదు. నదుల్లో తిరిగే మామూలు బార్జి పొడవు 195 అడుగులు, వెడల్పు 35. అందులో దాదాపు 1,500 టన్నుల సరుకు పడుతుంది. ఎగువ మిసిసిపీలో ఇలాంటివి పదిహేనింటిని మూడు వరసల్లో ఐదేసి చొప్పున ఇనుప తాళ్లతో బిగిస్తారు. వెనక నుంచి ఒక్క టోబోటు వాటన్నిటినీ తోసుకుంటూ పోతుంది. దిగువన, లాకుల అడ్డు లేని చోట, ముప్పై దాటినా ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ పదిహేను బార్జీల సరుకు రోడ్డెక్కితే పాతిక టన్నుల లారీలు తొమ్మిది వందలు కావాలి. నడిపేవాడు కూర్చునే గదికీ, అన్నిటికన్నా ముందున్న బార్జి మూతికీ మధ్య దాదాపు వెయ్యి అడుగుల దూరం. బ్రేకులుండవు. ఇంత సరంజామాను అర్ధరాత్రి మంచులో, మలుపుల నదిలో నడిపేవాడికి కళ్లూ అనుభవమూ చాలునని అమెరికా చట్టం చాలాకాలం నమ్మింది. రాడార్ కొనాలంటే ఖర్చు. నమ్మడానికి పైసా కూడా కాదు.

ఆ నమ్మకం 1993 సెప్టెంబరు 22 తెల్లవారుజామున, అలబామాలోని మొబీల్ నగరానికి ఎగువన దారి తప్పింది.

'మావిల్లా' అనే టోబోటు ఆరు బార్జీలను తోసుకుంటూ మొబీల్ నదిలో వెళుతోంది. మంచు కమ్మేసింది. పడవలో నది పటం లేదు, దిక్సూచి లేదు. ఉండాలని ఏ నియమమూ అడగలేదు గనక అది నేరమూ కాదు. రాడార్ మాత్రం ఉంది. పైలటుకు దాన్ని చదవడం సరిగ్గా రాదు. చదవడం రావాలని ఆయన లైసెన్సూ అడగలేదు. తనకు తెలియకుండానే ఆయన అసలు నది వదిలి బిగ్ బయూ కనోట్ అనే పక్కపాయలోకి మళ్లాడు. అది బార్జీలు రాకూడని పాయ. రాడార్ తెర మీద ఎదురుగా ఏదో అడ్డంగా కనిపించింది. ఇంకెవరిదో బార్జీల వరస కాబోలు, దానికి కట్టేసుకుని మంచు విడేదాకా ఆగుదాం అనుకున్నాడు. జాగ్రత్త తెలిసిన మనిషి చేసే ఆలోచనే అది. తీరా చూస్తే కట్టేసుకోబోయింది రైలు వంతెన.

గుద్దిన సంగతి పడవలో వాళ్లకు వెంటనే తెలియలేదు. వంతెన స్పాన్ మాత్రం మూడడుగులకు పైగా పక్కకు జరిగింది. అవసరమైతే పడవలకు దారిచ్చే తిరుగుడు వంతెనగా ఎప్పటికైనా మార్చుకోవచ్చని కట్టిన స్పాన్ అది. అలా మార్చిందీ లేదు, పక్కకు జరగకుండా గట్టిగా బిగించిందీ లేదు. పట్టాలు వంగాయి కానీ తెగలేదు. తెగితేనే సిగ్నల్ ఎర్రబడుతుంది కాబట్టి పచ్చ దీపం నిశ్చింతగా వెలుగుతూనే ఉంది. కొద్ది నిమిషాలకే లాస్ ఏంజెలెస్ నుంచి మయామీ పోయే సన్‌సెట్ లిమిటెడ్ రైలు గంటకు 70 మైళ్లకు పైగా వేగంతో, 220 మందితో ఆ వంతెన ఎక్కింది. 47 మంది చనిపోయారు. ఆ రైలు న్యూ ఓర్లీన్స్‌లో మరమ్మతు కోసం అరగంట ఆగకపోయి ఉంటే అప్పటికే వంతెన దాటేసి ఉండేది. నీళ్లలో నుంచి కొందరిని పైకి లాగి బతికించింది మళ్లీ ఆ మావిల్లా సిబ్బందే.

జాతీయ రవాణా భద్రతా బోర్డు విచారించి తప్పును మూడు వాటాలు వేసింది. రాడార్ చదవలేక దారి తప్పిన పైలటుది ఒకటి. పైలటుకు పని వచ్చో రాదో చూసుకోని యాజమాన్యానిది ఇంకొకటి. టోబోటు నడిపేవారికి ఇచ్చే లైసెన్సుకు గట్టి ప్రమాణాలు పెట్టని కోస్ట్ గార్డ్‌ది మూడోది. నిబంధనలు రాసేవాళ్ల పేరు ప్రమాద కారణాల్లో చేరడం ఎప్పుడో గానీ జరగదు. పేరు పడ్డాక కోస్ట్ గార్డ్ కలం తీసింది, మూడేళ్లు తిరక్కుండానే చిట్టా తయారైంది. సర్కారు లెక్కలో ఇది పరుగే అని ఒప్పుకోవాలి.

చిట్టాను నిదానంగా చదివితే రాసినవాళ్ల తెలివి కనిపిస్తుంది. సెర్చ్‌లైటు వెలుగు, తోస్తున్న బార్జీల పొడవుకు కనీసం రెండింతల దూరంలో ఉన్న వస్తువు మీద పడాలి, దాన్ని నడిపే చోటు నుంచే తిప్పగలగాలి. వెయ్యి అడుగుల వరసకు రెండు వేల అడుగుల వెలుగన్నమాట. లెక్క కుదిరింది. ఆ రాత్రి మంచులో అదే లైటు వేసుంటే ఎదురుగా తెల్లగోడ కనిపించేది, అంతే. అది లైటు తప్పు కాదు గనక చట్టం ఆ ఊసెత్తలేదు.

మిసిసిపీ, దాని ఉపనదుల మీద మాత్రమే తిరిగే పడవకు దిక్సూచి అక్కర్లేదు, దాని బదులు పడవ ఎంత వేగంగా పక్కకు తిరుగుతోందో చూపే స్వింగ్ మీటర్ చాలు. ఇది వినడానికి విడ్డూరంగా ఉన్నా సబబే. నదిలో ఉత్తరం ఎటో తెలిసినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. వెయ్యి అడుగుల సరుకు మూతి ఎటు జారుతోందో తెలియకపోతే కొంప మునుగుతుంది. ఆ నదుల పడవలకు లోతు కొలిచే యంత్రమూ మినహాయించారు. మిగతా నీళ్లలో తిరిగేవాళ్లకు దాన్ని పెట్టుకోవడానికి 2001 ఆగస్టు దాకా వ్యవధి ఇచ్చారు. అడుగు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఐదేళ్లు. ఈలోగా ఇసుక మేటలు ఆ గడువు చదువుకుని పక్కకు తప్పుకుంటాయని కాబోలు.

అసలు ఈ నియమాలు వర్తించేది 12 మీటర్లు, అంతకన్నా పొడవున్న పడవలకే. బార్జీలు కట్టేసే చోటు లాంటి చిన్న పరిధిలోనే తిరిగేవాటికి మినహాయింపుంది. పదకొండున్నర మీటర్ల పడవ తోసే బార్జి కూడా బార్జియే కదా అనే ప్రశ్న వంతెనలకు రావచ్చు గానీ వాటిని ఎవరూ సంప్రదించలేదు.

ఇక ఆ నిబంధనల్లోకెల్లా ముత్యం లాంటిది పరికరం పాడైతే ఏం చేయాలన్న పేరా. రాడారో రేడియోనో దారిలో చెడిపోతే వీలైనంత త్వరగా బాగు చేయించాలి, లాగ్ పుస్తకంలో రాయాలి. పరికరం చెడిపోవడం దానంతట అది ఉల్లంఘన కాదు. పడవ పనికిరాదని దానర్థం కూడా కాదు. యజమాని గానీ కెప్టెన్ గానీ పడవను ఆపి కట్టేయాల్సిన పనీ లేదు. వాతావరణం, చూపు ఆనుతోందా లేదా, రద్దీ ఎంత, ఇవన్నీ చూసుకుని ముందుకు పోవచ్చో లేదో తనే నిర్ణయించుకోవాలి. రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. బల్బు మాడిందని వేల టన్నుల సరుకును నది మధ్య నిలిపేస్తే అది ఇంకో ప్రమాదం. కానీ 47 మంది పోయింది ఏ మనిషి నిర్ణయం గురి తప్పితేనో, అటు తిరిగి ఇటు తిరిగి ఆఖరి మాట మళ్లీ ఆ మనిషికే వదిలిపెట్టారు. కాకపోతే ఈసారి లాగ్ పుస్తకంలో రాసిపెట్టి మరీ.

రాడార్‌ను చదవగలిగే మనిషి ఉండాలన్న సంగతి మరిచిపోలేదు. టోబోటు నడిపేవాళ్లకు రాడార్ శిక్షణ తప్పనిసరి చేశారు. అయితే ఆ చదవగలిగే మనిషి తెర వైపు చూస్తాడని ఏ నిబంధన హామీ ఇస్తుంది? 2010 జులై 7న ఫిలడెల్ఫియా దగ్గర డెలావేర్ నదిలో ఒక టగ్ పక్కన కట్టిన బార్జి, చెడిపోయి నిలిచిపోయిన పర్యాటకుల పడవ మీదికి ఎక్కింది. ఇద్దరు హంగేరీ విద్యార్థులు మునిగిపోయారు. టగ్‌లో ఉండాల్సినవన్నీ ఉన్నాయి. ఎదురు బాగా కనిపించే పై గది కూడా ఉంది. నడుపుతున్న మేట్ కింది గదిలో సెల్‌ఫోన్‌లో ఉన్నాడు. ఇంట్లో పిల్లాడికి వైద్యం తాలూకు కంగారులో ఉన్నాడని విచారణలో తేలింది. ఆ కంగారు ఏ తండ్రికైనా అర్థమవుతుంది. మేట్‌కు ఏడాదికి పైగా జైలు పడింది. సెల్‌ఫోన్ మాత్రం ఏ పరికరాల చిట్టాలోనూ లేకుండానే ప్రతి పడవలోనూ, సర్వకాలాల్లోనూ పనిచేస్తూ దొరికే సాధనం.

వంతెనల వరసకు తిరిగొస్తే, 2001 సెప్టెంబరు 15న టెక్సస్ తీరంలో నాలుగు బార్జీలు తోస్తున్న టగ్, సౌత్ పాడ్రె దీవికి పోయే వంతెనను గుద్దింది. చీకట్లో కార్లు ఖాళీలోకి వెళ్లిపోయాయి, ఎనిమిది మంది పోయారు. తొమ్మిది నెలలు గడవక ముందే, 2002 మే 26 ఉదయం, ఓక్లహోమాలోని వెబర్స్ ఫాల్స్ దగ్గర ఆర్కన్సా నదిలో 'రాబర్ట్ వై. లవ్' అనే టోబోటు కెప్టెన్ చుక్కాని దగ్గరే స్పృహ తప్పాడు. రెండు ఖాళీ బార్జీలు తమ దారిన తాము పోయి, ఐ-40 జాతీయ రహదారి వంతెనను గుద్దాయి. ఐదు వందల అడుగులకు పైగా రోడ్డు నీళ్లలో పడింది. 14 మంది చనిపోయారు. వచ్చే లారీలను ఆపింది రాడారూ కాదు, రేడియో కాదు. అక్కడ చేపల పోటీకి వచ్చిన జాలరులు ఫ్లేర్ తుపాకి పేల్చి ఆపారు.

ఆ ప్రమాదానికి ఒక పిట్టకథ ఉంది, వదిలేయడానికి మనసొప్పదు. సహాయక చర్యలు జరిగే చోటికి సైనిక దుస్తుల్లో ఒక కెప్టెన్ దిగి, ఆజ్ఞలు జారీ చేస్తూ రెండు రోజులు పెత్తనం చేశాడు. అధికారులు వినయంగా పాటించారు. తీరా ఆరా తీస్తే ఆయన సైన్యంలో కెప్టెనే కాదు, వట్టి మోసగాడు. నది మీద నడిపేవాడికి పని వచ్చో రాదో అడగని దేశంలో, గట్టు మీద పెత్తనం చేసేవాడిని మాత్రం ఎవరడుగుతారు!

ఇన్ని జరిగాక 2004లో అమెరికా కాంగ్రెస్ టోబోట్లనూ తనిఖీ చేయాల్సిన ఓడల జాబితాలో చేర్చింది. అప్పటిదాకా వీటి అధికారిక వర్గం పేరే 'తనిఖీ లేని ఓడలు'. పడవల యజమానుల సంఘం వీధికెక్కి అడ్డుకుంటుందని ఎవరైనా అనుకుంటారు. అడ్డుకోలేదు సరికదా, తమ్ముళ్లారా మమ్మల్ని తనిఖీ చేయండి అని ఆ సంఘమే మద్దతు పలికింది. సరుకు పోగొట్టుకుని, బీమా కట్టుకుని, కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకు తనిఖీ ఖర్చే చౌక అనిపించి ఉండాలి. చట్టం ఉంది, యజమానులు సరేనన్నారు. ఇక ఆలస్యానికి కారణం వెతకాలంటే కష్టమే. అయినా ముసాయిదా 2011లో వచ్చింది, తుది నిబంధన 2016 జూన్‌లో. పాటించడం మొదలుపెట్టాల్సింది 2018 జులై నుంచి. సుమారు 5,500 పడవలకు ఏడాదికి పావు వంతు చొప్పున ధ్రువపత్రాలిస్తూ పోతే, ఆఖరి పడవ గడువు 2022 జులై. 2004లో పుట్టిన పిల్లలు అప్పటికి ఓటర్లయ్యారు.

ఆ నిబంధనల్లోనే, వెబర్స్ ఫాల్స్ కెప్టెన్‌ను తలుచుకుని, ఒక కొత్త పరికరం చేరింది. పడవ నడిపేవాడు స్పృహలో ఉన్నాడో లేదో కనిపెట్టే హెచ్చరిక యంత్రం. పది నిమిషాలకోసారి నడిపేవాడు తాను మేలుకొనే ఉన్నానని రుజువు చూపాలి. చూపకపోతే గంట మోగి ఇంకొకరిని లేపుతుంది. గంటకు ఆరు మైళ్లు నడిచే పడవ ఆ పది నిమిషాల్లో ఒక మైలు పోతుంది, అయినా ఏమీ లేనిదానికన్నా నయం. పాత పడవలకు దీన్ని బిగించుకోవడానికి మొదటి ధ్రువపత్రం వచ్చాక ఐదేళ్ల వ్యవధి ఇచ్చారు. 2022లో పత్రం పుచ్చుకున్న పడవకు ఆ గడువు 2027. ఆర్కన్సా నదిలో 2002లో తప్పిన స్పృహకు పాతికేళ్లకు మందు వస్తుంది. 65 అడుగులు, అంతకన్నా పొట్టి పడవలు నడిపే కెప్టెన్లకు ఆ ఎదురుచూపు కూడా లేదు, వాళ్ల పడవలకు ఆ నియమమే వర్తించదు.