రుద్రులకూ రీల్స్
కనుమనాడు అంబాజీపేట మండలం జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రులు కొలువుదీరి లోకకల్యాణం గురించి సమాలోచన జరుపుతారని కోనసీమవాసుల నమ్మిక. వారిని మోసుకొచ్చే ప్రభ అంటే వెదురు చట్రానికి కొత్త వస్త్రాలు చుట్టి, రంగుల నూలుతో అలంకరించి, భుజాలకెత్తుకునే ఎత్తైన నిర్మాణం. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథ్‌పై శకటంగా సాగిన ఈ ప్రభల తీర్థం అనే ఉత్సవానికి ఇప్పుడు డ్రోన్లూ, రీల్స్ అనే పొట్టి వీడియోలూ తోడుకాగా, గంగలకుర్రు ఊరి ప్రభలు కౌశిక కాలువ దాటే వేళ అందరూ ఒక్కసారే ప్రత్యక్ష ప్రసారానికి పూనుకొని సిగ్నల్‌ను కాలువలో ముంచేస్తున్నారు. వెనుకవరుస భక్తుడికి ముందువాడి ఫోన్‌లోనే దైవదర్శనం. వీడియో కింద డ్రోన్ తిప్పినవారికి, కూర్పు చేసినవారికి, ప్రకటన ఇచ్చిన దుకాణానికి (పాపం, దానికి ముందుగానే) చోటు దక్కుతుండగా, ప్రభ కట్టిన చేతులకు మాత్రం హ్యాష్‌ట్యాగ్, అనగా వెతికేవారికి దారిచూపే గుర్తు, ఇంకా మంజూరు కాలేదు.