పందికూర సూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలం: కొవ్వుతోడి పంది మాంసమును సన్నసెగపై మగ్గనిచ్చి, నల్లగా వేచిన పొడి చల్లి, దించబోవు వేళ కాచంపులి తగినంత పోసి విందుకు వడ్డించవలెను.

అవతారిక: కర్ణాటకలోని కొడగు సీమలో కొడవల విందుకు తలమానికమైన పందికూరను ఈ సూత్రం విధిస్తున్నది. అత్తల నోట విని కోడళ్లు నేర్చుకునే పాఠం కనుక అక్షరాలా అపౌరుషేయం.

ప్రతిపదార్థం: కొవ్వుతోడి = తోలూ కొవ్వూ కండా పొరలు పొరలుగా కలిసి ఉన్నట్టి; సన్నసెగపై = బుడగ వచ్చీ రానట్లుండే మంటమీద; మగ్గనిచ్చి = మూతపెట్టి, తన ఊటలోనే ఉడకనిచ్చి; నల్లగా వేచిన పొడి = ధనియాలు, జీలకర్ర, మిరియాలు, ఆవాలు, మెంతులు మాడబోయే ముందు దించి దంచిన చూర్ణం; కాచంపులి = పణపులి పండ్ల రసాన్ని కాచి చిక్కబరచిన నల్లటి పులుపు; తగినంత = వివాదాస్పదం, కింద చూడదగును.

టీక: ‘కొవ్వుతోడి’ అన్న విశేషణం పాదపూరణకు వేసింది కాదు. వట్టి కండ ఎంత ఉడికితే అంత పీచవుతుంది. తోలులోనూ కండల నడుమ పొరల్లోనూ ఉండే కొలాజెన్ 70 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో గంటల తరబడి ఉంటే జెలటిన్‌గా కరిగి ముక్కను మెత్తబరుస్తుంది, పులుసుకు జిగి తెస్తుంది. ఆకలిగొన్నవారు మంట పెంచడం సూత్రవిరుద్ధం.

‘నల్లగా’ అన్నచోట పిరికివారు ‘ఎర్రగా’ అని పాఠం దిద్దుకుంటారు. అది అపపాఠం. కూరకు ఆ రంగు సగం ఈ వేపుడు వల్ల, సగం కాచంపులి వల్ల వస్తుంది. మిరియాలకు కొడగులో లోటు లేదు. కాఫీ తోటల్లో నీడచెట్లకు అల్లుకునే తీగలవే.

ఇక కాచంపులి. ఇందులో ‘పులి’ పులుపునకు వాచకం. వ్యాఘ్రపరంగా చెప్పడం సాహసమే గాని, ఒక చెంచా ఎక్కువ పోసినవారు ఆ అర్థాన్నీ కాదనరు. వానాకాలంలో పండి రాలిన పండ్లను బుట్టల్లో పోగుచేస్తే మెత్తబడి, రసం బొట్లు బొట్లుగా దిగుతుంది. దాన్ని మరిగించి మరిగించి చిక్కబరిస్తే ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. వృక్షశాస్త్రంలో ఈ చెట్టు పేరు గార్సీనియా గమ్మిగట్ట. మలయాళీలు చేపల పులుసులో వేసే కుడంపులి కూడా దీని కాయ తొక్కే. వారు తొక్కను ఎండబెట్టుకుంటారు, కొడవలు రసాన్ని కాచుకుంటారు.

‘తగినంత’ వద్ద వ్యాఖ్యాతలకు కలహం. ఎవరి నాలుకకు తగినంత అని పూర్వపక్షం. కిలో మాంసానికి ఒకటి రెండు పెద్ద చెంచాలని కొలతవాదుల సిద్ధాంతం. కొవ్వు మొహంమొత్తడం ఎక్కడ ఆగుతుందో అక్కడే ఆపాలని రుచివాదులు. రుచివాదుల పక్షమే గ్రాహ్యం, ఎందుకంటే ఏ ఇంటి సీసా చిక్కదనం ఆ ఇంటిదే. ‘దించబోవు వేళ’ అన్న నియమం కూడా ఇందుకే: చివర పోస్తే రుచి చూస్తూ పోయవచ్చు.

తాత్పర్యం: కొవ్వు బరువును పండు పులుపు తేలిక చేయాలి, మింగేయకూడదు.

విశేషాలు: విందులో దీనికి జోడు కడంబుట్టు, అనగా బియ్యపు రవ్వను ఉడికించి, ఉండలు చేసి ఆవిరిపై ఉడికించినవి. చూడటానికి అచ్చం ఉండ్రాళ్లు. సహవాసం మాత్రం వేరు. కొడవల ఆయుధాల పండుగ కైల్‌పోద్ సెప్టెంబరు మొదట్లో వస్తుంది గనుక, కొన్ని ఏళ్లలో తెలుగువారు వినాయకుడికి ఉండ్రాళ్లు పెట్టే రోజులకు కాస్త అటూ ఇటూగా అక్కడ కడంబుట్టు పందికూరతో విస్తట్లో పడుతుంది. ముందురోజే వండి ఉంచితే ముక్కకు పులుపు పట్టి మరింత బాగుంటుందని వృద్ధవాక్యం.

పాఠాంతరం: ‘కాచంపులి’కి బదులు ‘చింతపండు’ అని పట్నవాసుల ప్రతుల్లో కనిపిస్తుంది. గత్యంతరం లేనప్పుడు అంగీకార్యం. అప్పుడది మంచి కూరే గాని ఈ సూత్రానికి లక్ష్యం కాదు.

మూలంలో ఉప్పు మాట లేదు. అధ్యాహారంగా గ్రహించి, మాంసం పొయ్యి మీదికెక్కేటప్పుడే పసుపుతో పాటు వేయవలెను.