టవరు ఎటు పడుకుంటుంది?

మా పెరట్లో 15 టన్నుల పైచిలుకు బరువున్న కాంక్రీటు దిమ్మ ఒకటుంది. దాని పాళ్లలో తప్పు లేదు, ఇనుములో లోపం లేదు, నీళ్లు కొట్టడంలో బద్ధకం లేదు. తప్పల్లా దాని నెత్తిన నిలబడ్డ బోల్టుల్లో ఉంది. ఆ బోల్టులు నిలబెట్టింది నేను. మేస్త్రి కాదు. ఈ ముక్క మేస్త్రి ఇప్పటికే ఊరంతా చెప్పుకున్నాడు కాబట్టి నేను దాచి లాభం లేదు.

నాకు హ్యామ్ రేడియో పిచ్చి, అంటే సొంత సెట్టుతో దూరదూరాల వాళ్లతో మాట్లాడే సరదా. వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ చేతికొచ్చాక చాలాకాలం డాబా మీద పిట్టగోడకీ వాటర్ ట్యాంకుకీ మధ్య ఒక రాగితీగ కట్టుకుని కాలక్షేపం చేశాను. ఒక ఆదివారం సెట్టు ఉన్నట్టుండి మొరాయించింది. కనెక్టర్లు విప్పాను, కేబులు మార్చాను, మధ్యాహ్నం దాకా సోల్డరింగ్ పొగ పీల్చాను. చివరికి డాబా ఎక్కి చూస్తే తీగ మీద మూడు తడి తువ్వాళ్లు, ఒక దుప్పటి. "బట్టల తీగలాగే ఉంది కదండీ" అంది మా ఆవిడ. యాంటెనా ఇక ఆవిడ చెయ్యి అందనంత ఎత్తులో ఉండాలని ఆ క్షణమే నిశ్చయించుకున్నాను.

టవరు కొనడానికి ఆవిడకి మాత్రం వేరే కారణం చెప్పాను. మాది కంకిపాడు దగ్గర. దివిసీమ ఎంతో దూరం కాదు. "1977 నవంబరు 19 ఉప్పెనలో ఏం జరిగిందో మీ అమ్మనడుగు. 2014లో హుద్‌హుద్‌ తుపాను కొట్టినప్పుడు విశాఖలో సెల్‌ఫోన్లు మూగబోలేదా? అలాంటప్పుడు కబురు బయటికి పంపేది మా హ్యాములే" అని ఉపన్యసించాను. అంతా విని, "అంత గాలికి ముందు పడేది మీ టవరే కదండీ?" అంది.

అలాంటిది కాదని బొమ్మ చూపించాను. 15 మీటర్ల ఎత్తు, మూడు కాళ్లు, అడుగున కీలు. యాంటెనా బాగుచేయాలంటే పైకెక్కే పనిలేదు. ఒక కాలి దగ్గర బోల్టులు విప్పి, వించితో మెల్లగా నేలకి వాల్చుకోవచ్చు. యాభై దాటినవాడి కోసమే తయారుచేసినట్టుంది. ఆవిడ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే ఇది ఎటు పడుకుంటుంది?" అనడిగింది.

"అవన్నీ టెక్నికల్ విషయాలు" అన్నాను. ఈ వ్యాసం అచ్చయ్యాక ఆ మాట ఆవిడ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటిస్తుందని తెలిసే రాస్తున్నాను.

మా మామగారు ఇరిగేషన్‌లో ఓవర్సీరుగా చేసి రిటైరయ్యారు. టవరు వచ్చిన రోజే ఆయనా దిగారు. పునాది బొమ్మ చేతికిస్తే, అది చూడకుండా పెరట్లోకి నడిచి గుప్పెడు మట్టి తీశారు. "నల్లరేగడి అల్లుడుగారూ. వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. ఈ బొమ్మ గట్టినేలకి గీసింది. ఇక్కడ పనికిరాదు." నిజమే, ఏటా మే నెలలో మా పెరటి నెర్రెల్లో చెయ్యి దూరుతుంది. అందులో నా స్క్రూడ్రైవర్లు రెండు మునిగాయి కూడా. అయినా ఆ మట్టికీ నా టవరుకీ సంబంధం ఉంటుందని తట్టలేదు.

ఆయన నన్ను ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు దగ్గరికి లాక్కెళ్లారు. విజయవాడ ప్రాంతానికి నిర్మాణ కోడు లెక్కగట్టమనే గాలి వేగం సెకనుకు 50 మీటర్లట, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకైతే 44. "ఆరు మీటర్లే కదా తేడా" అన్నాను తేలిగ్గా. గాలి తోపు వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుందనీ, ఆ ఆరు మీటర్లకే తోపు దాదాపు 30 శాతం ఎక్కువవుతుందనీ ఆ ఇంజినీరు ఓపిగ్గా చెప్పాడు. ఆ గాలి ఒక చదరపు మీటరును 150 కిలోల బరువుతో నెడుతుంది. 15 మీటర్ల ఎత్తున నెట్టిందంటే, అడుగున అది మీటరు గడ్డపార చివర రెండు టన్నుల పైన వేలాడదీసిన లెక్క. టవరును పట్టుకునేది బోల్టులు కాదు, కింది బరువు, దాన్ని చుట్టుకున్న నేల.

అలా నాలుగు ఘనమీటర్ల దిమ్మ ఆరున్నర అయింది. 1.8 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, 2 మీటర్ల లోతు. 50 బస్తాల పైన సిమెంటు. మా ఆవిడ వంటింటి గ్రానైటు బడ్జెట్టు మొత్తం ఆ గుంతలో దిగింది. రెండు మీటర్ల గుంతలో గట్టు విరిగితే మనిషి పైకి రాలేడని మామగారు చుట్టూ చెక్కలు దన్ను పెట్టించనిదే ఎవరినీ దిగనివ్వలేదు. ఊచల బోను మట్టిని తాకకుండా కవర్ బ్లాకులు పెట్టించారు. కాంక్రీటు పోసేరోజు మిల్లరు పక్కన కుర్చీ వేసుక్కూర్చుని, కూలీ బకెట్టు ఎత్తినప్పుడల్లా "నీళ్లు చాలు, సాంబారు కాస్తున్నావా?" అని అరిచారు. నీళ్లు ఎక్కువైతే పోయడం సులువే, బలమే పోతుంది.

ఇంతమంది ఇన్ని చేస్తుంటే నాకు మిగిలిన పని ఒక్కటే, బోల్టులు. వాటిని కాంక్రీటులో నిలబెట్టడానికి ముక్కోణపు ఇనుప చట్రం ఉంటుంది. అది నేనే పెడతానన్నాను. రసమట్టం పెట్టాను. నీటి బుడగ కదల్లేదు. దూరాలు మిల్లీమీటరు తేడా లేకుండా నాలుగుసార్లు కొలిచాను. మామగారు నా భుజం తట్టారు. పెళ్లయ్యాక అది రెండోసారి.

తరవాత రెండు వారాలు గోనెపట్టాలు పరిచి పొద్దునా సాయంత్రం నీళ్లు కొట్టాను. మల్లెపాదుకి ఒక్క చెంబైనా పొయ్యని మనిషి సిమెంటుకి స్నానాలు చేయిస్తున్నాడని మా ఆవిడ అందరికీ చూపించింది. మూడో రోజునే టవరు ఎక్కించేద్దామన్న మేస్త్రిని మామగారు 28 రోజులూ ఆపారు.

29వ రోజున టవరును ఉత్తరం వైపు ఖాళీ జాగాలో పడుకోబెట్టి, కీలు దగ్గరికి జరిపాం. కలవలేదు. బోల్టులు మూడు మూలల్లో ఉండాల్సినంత దూరంలోనే ఉన్నాయి. మూలలే ఉండాల్సినచోట లేవు. చట్రం పెట్టేటప్పుడు నేను గుంతకి ఉత్తరాన నిలబడి, దక్షిణానికి తిరిగి, కాగితం మాత్రం తిప్పకుండా పట్టుకున్నానని అప్పుడు అర్థమైంది.

ముక్కోణపు టవరు మూడు దిక్కులకి వాలగలదు. నేను పెట్టిన లెక్కన దక్షిణానికి వాలిస్తే మా వంటిల్లు. వాయవ్యానికి కొబ్బరిచెట్టు. ఈశాన్యానికి ప్రహరీ మీదుగా పక్కింటి పిన్నిగారి బట్టల తీగలు.

మేస్త్రి దిమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "పగలగొట్టాలంటే మళ్లీ పెళ్లి ఖర్చే సార్" అన్నాడు. మామగారు ఏమీ అనలేదు. ఊరెళ్లే బస్సు టైమడిగారు. మా ఆవిడ గడపలో నిలబడి, "ఇంతకీ ఎటు పడుకుంటుందండీ?" అంది.

పిన్నిగారు మంచి మనిషి. కాఫీ ఇచ్చి, బట్టలు తీయించి, ఒక్కసారికి ఒప్పుకున్నారు. టవరు ఈశాన్యం నుంచి లేచి నిలబడింది. ఈదురుగాలులకి బెదరలేదు, దిమ్మ వెంట్రుకవాసి కదల్లేదు.

పోయిన నెల పైన యాంటెనాని తిప్పే రొటేటరు చెడిపోయింది. యాంటెనా ఆస్ట్రేలియా వైపు తిరిగి ఆగిపోయింది. దించాలని పిన్నిగారినడిగితే, తీగల కింద వడియాలు పెట్టాను బాబూ, సంక్రాంతి వెళ్లాక రమ్మన్నారు. అందాకా నాతో మాట్లాడదలచుకున్న హ్యాములు దయచేసి ఆస్ట్రేలియా వెళ్లి పిలవగలరు.