లెక్క సరిపోయింది

గణాంకాల కోసం ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునేవాళ్లకు దానితోపాటే వచ్చే పట్టిక ఒకటుంది. పేరు ఎయిర్‌క్వాలిటీ. 1973 మే నుంచి సెప్టెంబరు దాకా న్యూయార్క్‌లో రోజువారీ కొలతలు, మొత్తం 153 వరుసలు. ఓజోన్ ఎంత, ఎండ ఎంత, గాలి వేగం ఎంత, వేడి ఎంత అన్నవి అందులో ఉంటాయి. ఓజోన్ కాలమ్‌లో 37 గడుల్లో అంకె లేదు. అంకె లేనిచోట ఆర్ 'ఎన్ఏ' అని రెండక్షరాలు చూపిస్తుంది. ఓజోన్ సగటు చెప్పమంటే జవాబుగానూ ఆ రెండక్షరాలే ఇస్తుంది. తెలియనిదాన్ని కలుపుకుంటే మొత్తం కూడా తెలియనిదే అవుతుందని దాని తర్కం. నిజాయితీ గల తర్కమని నేనంటాను. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పే పట్టికల వల్ల జరిగిన నష్టం తక్కువ కాదు.

హైదరాబాద్‌లో వన్యప్రాణుల మీద పరిశోధన చేసే విద్యార్థులకు పెట్టిన శిక్షణ తరగతి ఈ పట్టికతోనే మొదలైంది. ఖాళీలన్నిటినీ సగటుతో నింపేస్తే సరిపోతుంది కదా మేడమ్ అన్నాడో కుర్రాడు. పాఠం చెప్పే మేడమ్ కాదనలేదు, నింపి చూపించమన్నారు. అంకెలున్న 116 రోజుల సగటు 42.13. దాన్నే 37 చోట్లా పెట్టాడు. సగటు కదల్లేదు. క్రమవిచలనం మాత్రం 32.99 నుంచి 28.69కి పడిపోయింది. ఎవరూ కొలవని అంకె ఒకటి అన్నిసార్లు వచ్చి కూర్చునేసరికి ఓజోన్ హెచ్చుతగ్గులు ఉన్నవాటికంటే తక్కువగా కనిపించాయి. అయితే ఖాళీ ఉన్న వరుసలే తీసేద్దామన్నాడు పక్కవాడు. ఎన్ఏ.ఒమిట్ అని ఒక్క ఆదేశం ఇచ్చాడు. 153 కాస్తా 111 అయ్యాయి, ఎండ కాలమ్‌లోనూ 7 ఖాళీలున్నాయి మరి. అప్పుడు మేడమ్ ఓజోన్ ఖాళీలను నెలలవారీగా లెక్కపెట్టించారు. 37లో 21 జూన్‌వే. ఆ నెలలో ఓజోన్ తెలిసింది 9 రోజులే. వరుసలు తీసేసిన పట్టికతో న్యూయార్క్ వేసవి గురించి మాట్లాడితే, జూన్ సంగతి దాదాపు వదిలేసి మాట్లాడినట్టే.

"ఖాళీ ఎందుకొచ్చిందో తెలుసుకోకుండా దాన్ని ముట్టుకోకండి" అన్నారావిడ. ఈ ప్రశ్నకు గణాంకశాస్త్రంలో గట్టి పునాది వేసింది 1976లో బయోమెట్రికా పత్రికలో డొనాల్డ్ రూబిన్ రాసిన వ్యాసం. ఖాళీ ఉత్త యాదృచ్ఛికంగా రావచ్చు. పట్టికలోనే ఉన్న మరో విషయాన్నిబట్టి రావచ్చు. మనకు కనబడకుండా పోయిన ఆ విలువను బట్టే రావచ్చు. అడవి జంతువుల లెక్కల్లో ఈ మూడో రకం మహా ప్రమాదం. జంతువు అరుదైన చోటికి లెక్కించే జట్లు వెళ్లడం తక్కువ, కాబట్టి అంకె ఎక్కడ చిన్నదో అక్కడే ఖాళీ ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి ఖాళీని సగటుతో నింపితే లేని జంతువులను కాగితం మీద పుట్టించినట్టు. సున్నా వేస్తే ఉన్నవాటిని చంపేసినట్టు.

మేడమ్ ఇంకో నియమం కూడా పెట్టారు. వరుసలు తీసేసిన ప్రతిసారీ తీయకముందు ఎన్ని, తీశాక ఎన్ని అని లెక్క చూసుకోవాలి.

ఈ రెండు మాటలనూ అందరికంటే శ్రద్ధగా పట్టుకున్నది ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి. ఆమె ఎంచుకున్నది చీతా. మన దేశంలో అంతరించిపోయిందని 1952లో ప్రభుత్వమే ప్రకటించిన జంతువు, 2022లో మళ్లీ ఈ నేల మీద కాలుపెట్టింది. ప్రపంచంలో ఏ దేశంలో ఎన్ని చీతాలున్నాయో అచ్చయిన నివేదికలన్నీ వెతికి ఒక పట్టికగా కూర్చడం ఆమె పని. ఒక్కో నివేదిక దేశం పేరును ఒక్కో రకంగా రాస్తుంది గనక, పేర్లకు బదులు ఐఎస్ఓ ఇచ్చిన రెండక్షరాల సంకేతాలు వాడింది. కెన్యాకు కేఈ, టాంజానియాకు టీజెడ్, బోట్స్వానాకు బీడబ్ల్యూ. సంకేతం, అంచనా, దాని కనిష్ఠం, గరిష్ఠం, లెక్కించిన సంవత్సరం, చీతాలు తిరిగే విస్తీర్ణం, ఇవీ కాలమ్‌లు.

అంకె దొరకని గడిని దొరకనట్టే వదిలేసింది. "లెక్కించారు, కనబడలేదు" అన్నది వేరు, "లెక్కించనే లేదు" అన్నది వేరు అని, ఆ తేడా చెప్పడానికి ప్రత్యేకంగా ఒక కాలమ్ పెట్టింది. ఎక్కడెక్కడ సర్వే జట్లు అడుగుపెట్టలేకపోయాయో, ఎందుకు పెట్టలేకపోయాయో పక్కన రాసుకుంది. పేరున్న పత్రాల్లో కూడా ఈ తేడా చెరిగిపోవడం నేను చూశాను. అందుకే ఆ కాలమ్ చూసినప్పుడు నాకు ఆ పిల్ల మీద గౌరవం కలిగింది.

ఆమెను ఇబ్బంది పెట్టిన వరుస ఒకటే. పశ్చిమాఫ్రికాలో బెనిన్, బుర్కినా ఫాసో, నైజర్ సరిహద్దులు కలిసేచోట రక్షిత అడవులు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. డబ్ల్యూ, ఆర్లీ, పెంజారీ అంటారు. అక్కడి కొద్దిపాటి చీతాలను మూడు దేశాలకూ కలిపే లెక్కిస్తారు. అంకెలన్నీ ఉన్నాయి, ఏ దేశం సంకేతం వేయాలన్నదే తేలలేదు. సంకేతం గడి ఖాళీగా ఉంచింది. దేశాలవారీ పట్టికలో దానికి చోటు లేదు కాబట్టి ఆ ఒక్క వరుసను పక్కకు తీసి విడిగా ప్రస్తావించాలని నిర్ణయించుకుంది. ఫైలును ఆర్‌లోకి తెచ్చుకుంది. సంకేతం లేని వరుసలు తీసేయమంది. లెక్క చూసుకుంది. ఒకటి పోవాలి, ఒకటే పోయింది.

చివరి రోజు ఎవరి పని వాళ్లు తెర మీద చూపించారు. చీతాలు ఎక్కువున్న దేశాలు పైకి వచ్చేలా పేర్చి, మొదటి పది చూపించింది ఆమె. తన మొత్తం 2016లో డ్యూరంట్ బృందం ప్రకటించిన 7,100 అంచనా కంటే బాగా తక్కువ వచ్చిందని తనే చెప్పింది. లెక్కించని దేశాలున్నాయి కదా, ఆ గడుల్లో ఊహించిన అంకెలు పెట్టడం తనకు ఇష్టం లేదంది. మేడమ్ తల ఊపారు. హాలులో ఎవరికీ అందులో తప్పు కనబడలేదు.

వెనక వరుసలో అటవీ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు కూర్చున్నారు. నోట్సు రాసుకుంటున్నవారు తలెత్తారు.

"తల్లీ, 2022 సెప్టెంబరు 17న కునోలో వదిలిన ఎనిమిది చీతాలూ ఏ దేశం నుంచి వచ్చాయి?"

"నమీబియా నుంచి సార్."

"చీతాలు బాగా ఉన్న దేశాలంటే ముందు వరసలో చెప్పుకునేదే అది. నీ పదింటిలో ఏదమ్మా?"

ఆమె తెర వైపు తిరిగింది. పైనుంచి కిందకి చదివింది. "నేనే ఎక్కించాను సార్, ఉండాలి" అంటూ మొదటి ఫైలు తెరిచింది. నమీబియా వరుస ఉంది. అంచనా, కనిష్ఠం, గరిష్ఠం, సంవత్సరం, విస్తీర్ణం, అన్నీ నిండి ఉన్నాయి. మొత్తం పట్టికలో ఒక్క లోపం కూడా లేని కొద్ది వరుసల్లో అదొకటి. ఆర్‌లో ఉన్న పట్టికలోకి వచ్చి చూస్తే లేదు.

"ఎన్ని వరుసలు తీశావు?" అన్నారు మేడమ్.

"ఒకటే మేడమ్. మూడు దేశాలు కలిసే అడవుల వరుస. సంకేతం లేదని తీశాను. ముందూ తర్వాతా లెక్క కూడా చూశాను."

"తీసిందో లేదో చూద్దాం, పట్టిక కిందకి జరుపు."

కిందకి జరిపింది. తెర మీద చూపించిన పదికీ బాగా దిగువన ఆ వరుస చెక్కుచెదరకుండా ఉంది. సంకేతం గడిలో ఏమీ లేదు.

మేడమ్ లేచి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఆర్‌లోని రీడ్.సీఎస్వీ అనే ఆదేశం ఫైలును ఎలా చదువుతుందో తరగతి మొత్తానికి వివరించారు. అంకెల కాలమ్‌లో ఏమీ లేని గడి కనబడితే దాన్ని ఎన్ఏ అని గుర్తుపెట్టుకుంటుంది. అక్షరాల కాలమ్‌లో అలా చేయదు. అక్కడ ఏమీ లేని గడిని అక్షరాలు లేని మాటగా తీసుకుంటుంది, లోపంగా లెక్కవేయదు. అందుకే నిజంగా సంకేతం లేని వరుస నిలిచింది. మనం వేరే చెప్పకపోతే అది లోపమని భావించే మాట ఒక్కటే ఉంది. ఆ మాట ఫైలులో ఏ కాలమ్‌లో రాసి ఉన్నా సరే, విలువ లేదనే అనుకుంటుంది.

"మరి నమీబియా గడిలో సంకేతం రాయలేదా?" అన్నారు పెద్దాయన.

"రాశాను సార్. ఐఎస్ఓ ఇచ్చిందే రాశాను."

"ఏమని?"

ఆమె మొదటి ఫైలులోకి వెళ్లి ఆ గడి మీద వేలు పెట్టింది.

"ఎన్, ఏ."

మేడమ్ అదే ఫైలును మళ్లీ తెరిపించారు. ఈసారి ఎన్ఏ.స్ట్రింగ్స్ అన్నచోట మధ్యలో ఏమీ లేని కొటేషన్ గుర్తులు పెట్టించారు. ఏమీ రాయనిదే ఖాళీ అని దానర్థం. సంకేతం లేని వరుసలు మళ్లీ తీయించారు. అడవుల వరుస పోయింది, నమీబియా మొదటి పదిలోకి వచ్చింది. పోయిన వరుసల లెక్క ఈసారీ ఒకటే.