లాకు లేని ఆకాశం

ఏప్రిల్, మే నెలల్లో గోదావరి జిల్లాల్లో ఎండని తిట్టేవాళ్ళకంటే వాతావరణ శాఖని తిట్టేవాళ్ళే ఎక్కువ. మన్యంలోనూ డెల్టాలోనూ ఒకటి రెండు చోట్ల ఉరుములు మెరుపులతో వాన, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల ఈదురుగాలి అని కబురు రాగానే అరుగుల మీద విచారణ మొదలవుతుంది. ఆ ఒకటి ఏది? ఆ రెండు ఎక్కడ? ఇది అడగకూడని ప్రశ్నేమీ కాదు, కానీ అడిగే చోటు తప్పు. నన్నడిగితే ఇందులో అసలు ముద్దాయి కాటన్ దొర. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి, నీళ్ళంటే లాకు ఎత్తితే వచ్చేవి, దించితే ఆగేవి అని మనకి అలవాటు చేసిపెట్టాడు. దాళ్వాకి నీరు చాలకపోతే వంతులు పెడతారు, ఏ కాలవకి ఏ రోజో ముందే చెబుతారు. రాకపోతే లస్కరుని నిలదీయొచ్చు. తరాల తరబడి ఇలా పెరిగినవాళ్ళం ఆకాశాన్ని కూడా అదే ధాటీగా అడుగుతాం: మా శివారుకి ఎన్నింటికండీ?

ఆకాశానికి లాకులు లేవు. వేసవి వాన తుపానులా బంగాళాఖాతంలో పుట్టి, పేరు పెట్టించుకుని, నాలుగు రోజులు నడిచి వచ్చేది కాదు. సముద్రం మీంచి తేమగాలి వస్తుంది, వాయవ్యం నుంచి పొడిగాలి వస్తుంది. మారేడుమిల్లి, రంపచోడవరం వైపు కొండలు మధ్యాహ్నానికి కాగి గాలిని పైకి తోస్తాయి. అన్నీ కుదిరితే గంట తిరక్కుండా పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు మబ్బు లేస్తుంది. ఒక్కో మబ్బు అడ్డం కొద్ది కిలోమీటర్లే, ఆయుష్షు అరగంట నుంచి గంట. పైగాలి తోస్తే డెల్టా మీదికి దిగుతుంది, లేకపోతే కొండల్లోనే కురిసి చేతులు దులుపుకుంటుంది. అందుకే రావులపాలెంలో రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే కొత్తపేటలో దుమ్ము లేస్తుంది. పొద్దున్నే కబురు రాసేవాడికి ఆ మబ్బు ఇంకా పుట్టనే లేదు. పుట్టని బిడ్డకి ఇంటి నంబరు అడుగుతున్నాం మనం.

ఇదంతా సోది చెప్పడమే కదా, ఎక్కడో ఒకచోట పడకపోదు అంటారు. కాదు. ఆ మాటల వెనక లెక్క ఉంది. ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో పాతిక శాతం లోపు. కొన్ని చోట్ల అంటే సగం దాకా. అంటే మూడు వంతుల కేంద్రాల్లో చినుకు పడకపోయినా చెప్పినమాట నిజమే. సోదికి ఈ తూకం ఎక్కడిది? ఆ మాటకొస్తే ఉగాదినాడు గుళ్ళో పంచాంగం వింటాం. మేఘాధిపతి ఎవరో, ఏడాదికి వర్షం ఎంతో, అందులో సముద్రంలో ఎన్ని భాగాలో, పర్వతాల మీద ఎన్ని భాగాలో చెబుతారు. చేతులు జోడించి విని, దక్షిణ ఇచ్చి వస్తాం. ఏ పర్వతమండీ అని అడిగినవాడు ఇంతవరకు లేడు. ఏడాది మొత్తానికీ ఒక్కసారే చెప్పినవాడికి దక్షిణ, పూటపూటా దిద్దుకుంటూ చెప్పేవాడికి తిట్లు!

రోజూ పిడుగులు, పిడుగులు అని ఫోను కుయ్యిమంటుంటే ఎవరు పట్టించుకుంటారు అన్నది ఇంకో మాట. ఇందులో కొంత నిజముంది. దానికి తోడు ఒకటి రెండు చోట్ల అన్నది టీవీ దాకా వెళ్ళేసరికి గోదావరి జిల్లాలకు గండం అయిపోతుంది, వెనకాల ఏదో పాత తుపానులో వంగిన కొబ్బరిచెట్లు. అయినా లెక్క వేద్దాం. మిషను కోసిన దాళ్వా ధాన్యం రోడ్డు పక్కన ఆరుతోంది. తేమ పదిహేడు శాతానికి దిగితే గాని కొనుగోలు కేంద్రంలో తూకం పడదు. బరకం కప్పాక వాన రాకపోతే పోయేది ఒక పూట ఎండ. కప్పకుండా వాన వస్తే ధాన్యం మొలకెత్తుతుంది, రంగు మారుతుంది. ఆత్రేయపురంలో చాపల మీద పొర మీద పొరగా మామిడి తాండ్ర ఆరబెట్టేవాళ్ళకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు, చల్లగాలి ఒక్కసారి తగిలితే చాలు, చాపలు లోపలికి వెళ్ళిపోతాయి. పాతిక శాతం అవకాశానికి ఇంత హడావిడా అనేవాళ్ళు 2018 ఏప్రిల్ 24 గుర్తు తెచ్చుకోవాలి. ఆ రోజు పదమూడు గంటల్లో రాష్ట్రంలో నమోదైన పిడుగులు 36,749. మూడు వారాలకి, మే 15న, కొండమొదలు నుంచి వస్తున్న లాంచీ దేవీపట్నం మండలం మంటూరు దగ్గర ఈదురుగాలికి గోదావరిలో మునిగి ఎందరో గిరిజనులు పోయారు. ఆ నదిలో గాలికి భయపడి లాంచీ కట్టేస్తే, గాలి రాకపోయినా పోయేది టిక్కెట్టు డబ్బులే.

మరి రాడార్లు ఎందుకున్నాయి, ఊరి పేరు చెప్పొచ్చుగా? చెబుతున్నారు, మండలం దాకా. కాకపోతే మచిలీపట్నం, విశాఖ రాడార్లకి మబ్బు కనబడాలంటే ముందు అది లేవాలి. లేచాకే రాబోయే మూడు గంటల కబురు. కాబట్టి పొద్దుటి కబురు బరకం ఎక్కడుందో వెతుక్కోవడానికి, మధ్యాహ్నం కబురు కప్పడానికి. పక్క చేనువాళ్ళకి ఎరువిచ్చిన బరకమైతే మాత్రం పొద్దుటి కబురు కూడా ఆలస్యమే.